మా వదినకి సరిపోయే ఇంగ్లీషు మాట

మా వదిన అన్నం తినడం మానేసిందని ఫోను వచ్చినప్పుడు నేను వంకాయలు తరుగుతున్నాను. వంకాయల సంగతెందుకని అలా మొహం పెట్టకు, టైపు చెయ్యి. కంగారుపడ్డప్పుడు మనిషికి చేతిలో ఏముందో అదే గుర్తుండిపోతుంది.

వదినంటే మీ తాతయ్యకి అక్క. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, అంటే నా మేనల్లుడు, ఆస్ట్రేలియాలో ఈ టూవూంబాలోనే ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వదినకి మతిమరుపు జబ్బు ముదిరింది. ఒకరోజు కరెంటు కెటిల్ తీసుకెళ్ళి గ్యాసు పొయ్యి మీద పెట్టి వెలిగించింది. ఇల్లంతా ప్లాస్టిక్కు కాలిన కంపు. ఇంక ఒంటరిగా వదిలి డ్యూటీకి వెళ్ళడం కుదరదని, మేనల్లుడు ఏడుస్తూనే తీసుకెళ్ళి ఏజ్డ్ కేర్ హోములో, అదే ముసలాళ్ళని చూసుకునే చోట, చేర్చాడు. చేర్చి ఏడు వారాలైంది.

"అత్తయ్యా, అమ్మ నాలుగు కిలోలు తగ్గిందంట," అన్నాడు ఫోన్లో. "గదిలోంచి బయటికి రావట్లేదంట. స్పూను నోటి దగ్గర పెడితే గోడవైపు తిరుగుతోందంట. గురువారం మీటింగు పెట్టారు. ఇలాగే ఉంటే వెనక బ్లాకులోకి మారుస్తారంట."

వెనక బ్లాకంటే మంచం దిగనివాళ్ళుండే చోటు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ముందు బ్లాకులోకి వచ్చారని నేనెప్పుడూ వినలేదు. వంకాయలు ఉప్పునీళ్ళలో పడేసి, "పద," అన్నాను నీతో. నీకు అప్పుడే కొత్త డ్రైవర్లకిచ్చే ఎర్ర పీ ప్లేటు వచ్చింది. దారిపొడుగునా నువ్వు రోడ్డు చూశావు, నేను ప్రార్థన చేశాను. వదిన కోసం సగం, నీ డ్రైవింగు కోసం సగం.

కొత్తచోటు అలవాటయ్యేదాకా రావద్దన్నారని, నేను ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. కర్టెన్లు మూసేసి ఉన్నాయి. టీవీలో ఎవరో పెద్దాయన సన్నగా బైబిలు ప్రసంగం చెప్తున్నాడు. వదిన బూడిదరంగు ట్రాక్ ప్యాంటు, బూడిదరంగు చొక్కా వేసుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. జుట్టు వెనక్కి లాగి రబ్బరుబ్యాండు వేశారు. శుభ్రంగా ఉంది, ఆ మాట కాదనను. ఉతికి మడతపెట్టి అల్మారాలో పెట్టిన దుప్పటి ఎంత శుభ్రంగా ఉంటుందో అంత శుభ్రంగా ఉంది.

నావైపు చూసింది. నన్ను గుర్తుపట్టకపోవడం కొత్త కాదు, ఏడాదిగా అలవాటే. కానీ యాభై ఏళ్ళలో మొదటిసారి నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, నా చీర గురించి ఒక్క ముక్క కూడా అనలేదు. అప్పుడు భయమేసింది నాకు.

బయటికొచ్చి తలుపు మూస్తుంటే, తలుపు మీద అంటించిన కాగితం కనబడింది. ఆ హోములో ప్రతి తలుపు మీదా ఒకటి ఉంటుంది. లోపలున్న మనిషి ఎవరు, ఏం ఇష్టం, ఎలాంటి మనిషి అని ఇంటివాళ్ళు రాసిస్తారు. పనిచేసేవాళ్ళు అది చదివి దాన్నిబట్టి నడుచుకుంటారు. మా వదినకి జబ్బుతో ఇంగ్లీషు మొత్తం పోయింది, తెలుగు ఒక్కటే మిగిలింది. కాబట్టి తెలుగు వచ్చినవాళ్ళు డ్యూటీలో లేనప్పుడు అక్కడ ఆవిడ తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే.

నువ్వు పైకి చదివావు. సింపుల్ లేడీ. వెరీ క్వైట్. గాడ్ ఫియరింగ్. అందరితోనూ అడ్జస్ట్ అవుతుంది. ఏం పెట్టినా తింటుంది. ప్రశాంతంగా వదిలేస్తే చాలు.

"నానమ్మా, హూ ఈజ్ దిస్?" అన్నావు నువ్వు. "రాంగ్ రూమ్ పేపర్ పెట్టారేమో."

పేపరు వేరే గదిది కాదు. అది రాయించింది నేనే.

మేనల్లుడు ఏడు వారాల కింద ఫోను చేసి, "ఫారం నింపమన్నారు అత్తయ్యా, అమ్మ గురించి ఏం రాయను?" అనడిగితే, పూజారి మంత్రం చదివినట్టు గడగడా చెప్పేశాను. మనవాళ్ళలో ఆడమనిషి గురించి ఎవరడిగినా అవే మాటలు. పెళ్ళి సంబంధానికీ అవే, చచ్చిపోతే సమాధి దగ్గర చెప్పే సాక్ష్యానికీ అవే. నోట్లో నాలుక లేని మనిషి. తలొంచుకుని వెళ్ళి తలొంచుకుని వస్తుంది. ఎక్కడ సర్దితే అక్కడ సర్దుకుంటుంది. అది మనిషి గురించి చెప్పినట్టా, అటకమీద సామాను గురించి చెప్పినట్టా అని ఎవరూ అడగరు. మర్యాద కదా! ఇక్కడివాళ్ళకి ఆ మర్యాదేం తెలుసు పాపం. రాసింది రాసినట్టు నమ్మారు. సింపుల్ లేడీ కదా అని బూడిదరంగు బట్టలేశారు. క్వైట్ కదా అని చివరిగది ఇచ్చారు. ప్రశాంతంగా వదిలెయ్యమన్నారు కదా అని వదిలేశారు. తప్పు వాళ్ళది ఒక్క పిసరు కూడా లేదు.

మా వదిన ఎలాంటి మనిషో ఇప్పుడు చెప్తాను, రాసుకో.

తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. మెళ్ళో విజిలు. మోపెడ్ మీద, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కొంగు నడుంచుట్టూ బిగించి వెళ్తుంటే కిళ్ళీకొట్టు దగ్గర మగాళ్ళు సిగరెట్టు కాల్చుకోవడం మర్చిపోయేవాళ్ళు. గుడ్ ఫ్రైడేకి చర్చి మొత్తం తెల్లచీరలతో కొంగలగుంపులా కూర్చుంటే, ఈవిడ చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఈస్టరు వెళ్ళాక వచ్చిన ఆదివారం పాస్టరు అయ్యగారు అలంకారాల మీద గంటసేపు ప్రసంగం చేశారు. అందరి మెడలూ ఈవిడవైపే తిరిగాయి. ఈవిడ బయటికొచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని, "చాలా బాగా చెప్పారయ్యగారూ. వచ్చేవారం కంఠం మీద చెప్పండి. మీరు పాట ఎత్తుకుంటే మా పిల్లాడు ఝడుసుకుంటున్నాడు," అంది.

అప్పుడు నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంటికొచ్చి మాత్రం మీ తాతయ్యతో, "మీ అక్క సోకులు మితిమీరాయండీ," అన్నాను. అన్నాను మరి. నలభై ఏళ్ళు అన్నాను. నాకు బిస్కెట్టు రంగు చీరలూ, ఆవిడకి మందారం రంగు చీరలూ. కుళ్ళు కాకపోతే ఏంటది? దాన్ని భక్తి అని పేరుపెట్టుకుని బతికాను.

సరే. అక్కడ లైఫ్‌స్టైల్ కోఆర్డినేటరని ఒకావిడ ఉంది. ముసలాళ్ళని ఆడించడం, పాడించడం ఆవిడ పని. వెళ్ళి, "ఆ కాగితం తప్పు, మార్చాలి," అన్నాను. నా ఇంగ్లీషుకి నువ్వు సాయం పట్టావు. ఆవిడ ఏమీ అనుకోలేదు. కొత్త ఫారం చేతిలో పెట్టి, "నో వర్రీస్ డార్ల్. బుధవారం పొద్దున్నకి ఇవ్వండి. గురువారం మీటింగులో నర్సులు చూసుకుంటారు. మనిషి కళ్ళముందు కనబడేటట్టు రాయండి," అంది. "కొడుకు సంతకం మాత్రం కావాలి."

అది సోమవారం సాయంత్రం. ఇంటికొచ్చి వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం ఇద్దరం. నువ్వు ఫోను తీశావు. నేను మళ్ళీ వంకాయలు తీశాను.

ముందు తెలుగులో అనుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుదాం అనుకున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. తెలుగులో మాట దొరకలేదంటే నమ్ము. మాటలు లేక కాదు, బోలెడున్నాయి. సోకులాడి. షోకిల్లా. టెక్కు. నిక్కు. కులుకు. వగలు. ఒయ్యారం. ఒక్కటైనా తలుపుమీద అంటించే మాటేనా? అన్నీ నీళ్ళ పంపు దగ్గర బిందెలు దించి చెవిలో చెప్పుకునేవే. మగాడికైతే ఠీవి, దర్జా, రాజసం. అదే నడక ఆడది నడిస్తే కులుకు. సామెతలు చూద్దామంటే, పైన పటారం లోన లొటారం. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె. మన భాషలో ఒక మనిషి కాస్త మెరిస్తే చాలు, ఆ మెరుపు వెనక బూజు ఉందా లేదా అని వేలుపెట్టి చూసేదాకా నిద్రపట్టదు. ఇంగ్లీషు మాటల్ని తెచ్చుకున్నా అంతే. స్టైలు కొడుతోంది, ఫోజు పెడుతోంది, బిల్డప్ ఇస్తోంది. మంచి మాట మన గడప దాటి లోపలికొచ్చిందో, దెప్పుడైపోతుంది.

"సో డోంట్ ట్రాన్స్‌లేట్," అన్నావు నువ్వు. "ఇంగ్లీష్‌లోనే స్టార్ట్ చేద్దాం." పద్దెనిమిదేళ్ళకి ఎంత తెలివి!

నువ్వు ఒక్కో మాటా చదివావు. నేను రుచి చూశాను.

వైవేషస్ అంటే చలాకీ అన్నావు. అదేదో నీరసానికి రాసిచ్చే మాత్ర పేరులా ఉంది, వద్దన్నాను. ఫ్లాంబాయెంట్ అంటే ధగధగా మెరిసే మనిషి అన్నావు. అర్థం బాగుంది కానీ అంత పొడుగుమాట పలికేలోపు వదిన గది దాటి వెళ్ళిపోతుంది. ఫ్లేర్ అన్నావు. అసలు వాసన పట్టడం నుంచి వచ్చిన మాటంట అది, వేటకుక్క ముక్కులాంటిదన్నమాట. ఎక్కడ ఏది బాగుంటుందో ముక్కుకి తెలిసిపోవడం. అది పక్కన పెట్టుకో అన్నాను. స్నాజీ అంటే తళుకుబెళుకు అన్నావు. మేనకోడలి పెళ్ళికి వాయించే బ్యాండుమేళంలా ఉంది. జాంటీ అంటే టోపీ కాస్త పక్కకి వంచి పెట్టుకున్న హుషారు అన్నావు. బాగుంది కానీ వదిన హుషారు పక్కకి వంగేది కాదు, ఎదురొచ్చి గుద్దేది.

తర్వాత పనాష్ అన్నావు. అంటే ఏంటన్నాను. వెనకటికి ఫ్రెంచివాళ్ళ సైనికులు శిరస్త్రాణం మీద పెట్టుకునే ఈకలకుచ్చు అంట. యుద్ధానికి పోతూ ఈకలెందుకే అంటే, "దట్స్ ద పాయింట్ నానమ్మా. పోయేదెలాగూ పోతాం, బాగా కనిపించి పోదాం," అన్నావు. నా చేతిలో చాకు ఆగిపోయింది. అదే మాట, రాసెయ్యి అన్నాను.

ఆగమని నువ్వు ఇంకొకటి చదివావు. పిజాజ్. మెరుపూ హుషారూ కలిస్తే పిజాజ్ అంట, కానీ ఆ మాట ఎక్కడ పుట్టిందో పండితులకి కూడా తెలీదంట. అమ్మెవరో అబ్బెవరో తెలీని మాట! అయినా ఎంత దర్జాగా తిరుగుతోందో చూడు ఊరంతా. నాకు నచ్చింది కానీ, తలుపుమీద రాయడానికి పనాష్ పెద్దింటి మాటలా ఉంటుందని దానికే ఓటేశాను. వదిన ఎంతైనా టీచరు.

ఇంగ్లీషువాళ్ళకీ దెప్పుళ్ళు లేకపోలేదు. ముసలి గొర్రె గొర్రెపిల్ల వేషం వేసిందని ఒకటుందంట, వయసుకి మించి ముస్తాబయిన ఆడవాళ్ళని అంటారంట. వినగానే మా తెనాలి గుర్తొచ్చి మనసు కుదుటపడింది. ప్రపంచమంతా ఒకటే పంపు, బిందెలే వేరు.

మంగళవారం సాయంత్రం మేనల్లుడు డ్యూటీ దిగి సంతకానికి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. కాగితం చేతికిచ్చాను. చదివి కాఫీ కింద పెట్టేశాడు.

"ఇదేంటి అత్తయ్యా? మా అమ్మని షోకిల్లా అని తలుపుమీద రాసి పెడతావా?"

"షోకిల్లా కాదురా. పనాష్."

"ఏదైతే ఏంటి! ఆ హోములో మనవాళ్ళు నలుగురు పనిచేస్తున్నారు. ఆదివారం చర్చివాళ్ళు చూడ్డానికొస్తారు. ఏమనుకుంటారు?"

"నలభై ఏళ్ళుగా ఏమనుకుంటున్నారో అదే అనుకుంటారు. మీ అమ్మ ఎప్పుడైనా లెక్కచేసిందా?"

"అమ్మ చెయ్యలేదు," అన్నాడు. "నేను చేశాను. నీకు తెలీదత్తయ్యా. ఏడో క్లాసులో నా పేరే మర్చిపోయారు అందరూ. గాగుల్స్ గాగుల్స్ అని పిలిచేవాళ్ళు. అమ్మ మోపెడ్ చప్పుడు వినబడితే నేను బాత్‌రూంలో దాక్కునేవాణ్ణి. ఆ ఫారం నింపేటప్పుడు సింపుల్ లేడీ అని నువ్వు చెప్తే, ఎంత హాయిగా అనిపించిందో తెలుసా? ఒక్కసారైనా మా అమ్మ అందరి అమ్మల్లా ఉంది, కాగితం మీదైనా."

యాభై ఐదేళ్ళవాడు. మీసాలు నెరిసిపోయాయి. బాత్‌రూంలో దాక్కున్న కుర్రాడు ఇంకా లోపలే ఉన్నాడు. నాకు జాలేసింది. కానీ జాలిపడితే సంతకం రాదు.

"సరేరా," అన్నాను. "పాత కాగితమే ఉంచుదాం. ఎల్లుండి ఆ సింపుల్ లేడీని వెనక బ్లాకులోకి తీసుకుపోతారు, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడెవరో నాకు తెలీదు కూడా. నువ్వూ నేనూ కలిసి కనిపెట్టిన మనిషి. కానీ మీ అమ్మ ఆ గదిలోనే ఎక్కడో ఉంది. ఆవిణ్ణి పిలవడానికి ఎవరికీ ఆవిడ గుర్తులు తెలియట్లేదు. చెప్పమంటావా, వద్దా?"

కాగితం మళ్ళీ మొదట్నుంచి చదివాడు. నువ్వు ఏదో అనబోతే నీ కాలు తొక్కాను, గుర్తుందా? తర్వాత పెన్ను అడిగాడు. సంతకం పెట్టేముందు ఒకచోట ఆగాడు. మెచ్చుకోళ్ళు ఇష్టం, ముఖ్యంగా మగవాళ్ళ మెచ్చుకోళ్ళు అని నువ్వు రాశావు చూడు, అక్కడ.

"ఈ ముఖ్యంగా దగ్గర్నుంచి కొట్టేస్తున్నాను," అన్నాడు.

"కొట్టెయ్ నాయనా. కొట్టేస్తే నిజం పోతుందా?"

నవ్వాడు. సంతకం పెట్టాడు.

ఆ కాగితంలో ఇంకా ఏం రాయించానో చెప్తాను. ఆవిడ క్వైట్ కాదు. దయచేసి ప్రశాంతంగా వదలకండి. ఆవిడకి ఏ బట్టలు వెయ్యాలో మీరు నిర్ణయించకండి, రెండు చూపించి అడగండి. గదిలో నిలువుటద్దం పెట్టండి. తిండికి గదిలో ప్లేటు పెట్టకండి, పదిమంది ఉన్నచోటికి తీసుకెళ్ళండి. తినమని బతిమాలకండి, ముందు బాగున్నావని గట్టిగా చెప్పండి.

చీర కట్టిద్దామంటే కాళ్ళకి అడ్డం పడి పడిపోతుందని హోమువాళ్ళు ముందే వద్దన్నారు. అందుకని ఆ మంగళవారం పొద్దున్నే, మేనల్లుడు రాకముందు, మనిద్దరం పాతబట్టల షాపుకి వెళ్ళాం. ఈ ఊళ్ళో ముసలాళ్ళు చచ్చిపోతే బట్టలన్నీ అక్కడికే వస్తాయి. ఎవరో దర్జా మనిషే పోయినట్టుంది ఆ వారం. పసుపురంగు మీద తెల్ల కాకటూ పిట్టలున్న చొక్కా దొరికింది. వంగపండు రంగు శాటిను ప్యాంటు. ఎర్ర సిల్కు స్కార్ఫు. పుణ్యాత్మురాలు ఎవరో, ఆమె ఆత్మకి శాంతి కలగాలి, ఆమె అభిరుచికి దండం.

బుధవారం పొద్దున్నే వెళ్ళి కాగితం కోఆర్డినేటర్ చేతిలో పెట్టాను. ఆవిడ చదువుతూ పనాష్ దగ్గర ఆగింది. అర్థంకానట్టు మొహం పెట్టింది. "పనాష్... అంటే కాస్త పోష్ అనా?" అంది. నాకు నీరసమొచ్చింది. వెంటనే పక్కనుంచి, "పిజాజ్," అన్నాను. గట్టిగానే అన్నాను.

అప్పుడు చూడాలి ఆవిడ మొహం! స్విచ్ వేసినట్టు వెలిగింది. "పిజాజ్! ఓ, అది ముందే చెప్పొద్దా డార్ల్! మా అమ్మమ్మ కూడా అంతే. ఎనభై ఏళ్ళకి చిరుతపులి మచ్చల బూట్లు వేసుకుని గుర్రపు రేసులకెళ్ళేది," అంది. అక్కడికక్కడే పనాష్ కొట్టేసి, పెద్దక్షరాలతో పిజాజ్ అని రాసింది. ఏ మాట గొప్పది అని రెండ్రోజులు కొట్టుకున్నాం మనం. విన్నవాళ్ళకి వాళ్ళ ముసలమ్మ గుర్తొస్తే అదే గొప్పమాట. ఈకలకుచ్చులు ఫ్రెంచివాళ్ళకే ఉండనీ.

ఆ రోజు డ్యూటీలో వరంగల్ పిల్ల ఒకతి ఉంది. నర్సింగు చదువుకుంటూ వారానికి రెండ్రోజులు అక్కడ పనిచేస్తుంది. తలుపు మీది కాగితం చదివి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఏందాంటీ, ముందుగాల్నే చెప్పొద్దా? సింపుల్ లేడీ అని రాసిన్రని నేను ఆమెతోని మెల్లగ మాట్లాడుతున్న. మెల్లగ మాట్లాడితే ఆమెకు కోపమొస్తున్నట్టుంది."

కర్టెన్లు లాగేసింది. టీవీలో పెద్దాయన్ని ఆపేసింది. పాపం, ఆయన ఏడు వారాల్లో మొదటిసారి ఊపిరి తీసుకుని ఉంటాడు. రెండు చేతుల్లో రెండు చొక్కాలు పట్టుకుని వదిన ముందు నిలబడింది. ఒకటి ఆ బూడిదరంగుది, ఒకటి పిట్టలది.

"అమ్మమ్మా, గిదా, గదా? చెప్పు. నువ్వు చెప్తేనే ఏస్త."

వదిన కదల్లేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఒక నిమిషం అయింది, రెండయ్యాయి. పిల్ల చేతులు దించలేదు. అప్పుడు వదిన చెయ్యి మెల్లిగా లేచి, బూడిదరంగు చొక్కా అందుకుంది. నా ప్రాణం పోయింది. అందుకుని, ఎడమచేత్తో గిరవాటు పెట్టింది. అది వెళ్ళి టీవీ మీద పడింది.

"అబ్బో! గంత కోపమా?" అంది పిల్ల. "మంచిగైంది. నాక్కూడ గా అంగి నచ్చలే."

పిట్టల చొక్కా వేసింది. శాటిను ప్యాంటు వేసింది. స్కార్ఫు మెడకి కట్టబోతే వదిన లాక్కుని, తనే తలకి చుట్టి, చెవి వెనక ముడేసింది. ఆ వేళ్ళకి పేర్లు గుర్తులేకపోవచ్చు, మనుషులు గుర్తులేకపోవచ్చు, ముడి గుర్తుంది. కోఆర్డినేటర్ ఎక్కడినుంచో అద్దం మోసుకొచ్చి గోడకి ఆనించింది. వదిన అందులో చూసుకుంది. కుడిపక్కకి తిరిగింది, ఎడమపక్కకి తిరిగింది. తర్వాత అద్దంలోనే నేను కనబడ్డాను ఆవిడకి. నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఆ రోజు చలికి చీరమీద ఖాకీరంగు కార్డిగన్ వేసుకున్నాను.

"ఆ గోనెసంచేంటే ఒంటిమీద?" అంది.

ఏడ్చాను. గోనెసంచి అన్నందుకు కాదులే. అదీ కొంచెం ఉంది.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని భోజనాల హాల్లోకి తీసుకెళ్తుంటే నేను వెనకే నడిచాను. హాల్లో ముప్పైమంది ముసలాళ్ళు గంజిలాంటి ఓట్స్ ముందు జోగుతున్నారు. మొదటి బల్ల దగ్గర ఒకాయన తలెత్తాడు. "వెల్, లుక్ ఎట్ యూ, లవ్!" అన్నాడు. ఆయన చూశాడని ఇంకొకాయన చూశాడు. ఆయన చూశాడని ఆడవాళ్ళందరూ చూశారు, వాళ్ళు చూసిన చూపు మాత్రం నాకు బాగా తెలిసిన చూపే. మా వదిన కూర్చుంది. స్పూను తనే తీసుకుంది. ఓట్స్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఉప్పు లేదు, కారం లేదు. రోగిష్టి తిండి," అని తిట్టుకుంటూనే గిన్నెలో సగం తినేసింది. తిట్టుకుంటూ తినే మనిషికి భయంలేదు. తిట్టకుండా తిననప్పుడే భయపడాలి.

గురువారం మీటింగుకి మేనల్లుడితో నేనూ వెళ్ళాను. నర్సు, డాక్టరు, కోఆర్డినేటరు ఉన్నారు. నిన్న ఎంత తిన్నదీ, ఇవాళ ఎంత తిన్నదీ కాగితం చూసి చెప్పారు. మా వదిన తిన్న ఓట్స్ మీద ముగ్గురు చదువుకున్నవాళ్ళు అంత సీరియస్‌గా చర్చించారంటే, ఆవిడకి తెలిస్తే ఎంత మురిసిపోయేదో. ఒక నెల చూద్దాం, ఇప్పుడే వెనక బ్లాకు వద్దు అన్నారు. కోఆర్డినేటరు అద్దం గోడకి బిగించడానికి మనిషికి చెప్పానంది. మేనల్లుడు టేబులు కింద నా చెయ్యి పట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

ఇది పండగలా ఉందని మురిసిపోకు. జబ్బు జబ్బే. పనాష్ రాసినా పిజాజ్ రాసినా అది తగ్గదు. కొన్ని రోజులు ఇప్పటికీ గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఏ చొక్కా చూపించినా పలకదు. ఆ రోజుల్లో వరంగల్ పిల్ల నాకు ఫోను చేసి, "ఇయ్యాల అమ్మమ్మ సెలవుల ఉంది ఆంటీ," అంటుంది. సరే, సెలవే అనుకుంటాను. టీచర్లకి సెలవులుంటాయి మరి.

నెల గడిచాక ఒక ఆదివారం, చర్చి అయ్యాక బయట టీ తాగుతుంటే మేనల్లుడు నా దగ్గరికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అత్తయ్యా, పొద్దున్న హోమునుంచి ఫోనొచ్చింది. కంప్లయింటు."

"ఏమైందిరా?"

"అమ్మ నిన్న లంచ్‌లో పక్కబల్ల ముసలాయన దగ్గరికెళ్ళి, ఆయన తలమీది గడ్డి హ్యాటు తీసి తను పెట్టుకుందంట. ఆయన ఇమ్మంటే ఇవ్వలేదంట. పైగా ఆయన బట్టతలని చూపించి ఏదో అందంట, అందరూ నవ్వారంట. వాళ్ళ కూతురు గొడవ చేసింది. కోఆర్డినేటరు నెమ్మదిగా అడిగింది, ఆ కాగితంలో మాటలు కాస్త తగ్గించి రాయిస్తారా అని. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు."

"ఆ సంగతి తర్వాత. లంచ్ తిన్నదా?"

ఆలోచించాడు. "తిన్నదంట. హ్యాటు తియ్యకుండానే తిన్నదంట. చేపముక్క రెండోసారి అడిగి వేయించుకుందంట."

"అయితే ఒక్క అక్షరం కూడా తగ్గించను," అన్నాను. "ఆ ముసలాయనకి ఇంకో హ్యాటు కొనిపెట్టు. ఏ రంగుదైనా ఫరవాలేదు, మీ అమ్మదానికన్నా దర్జా కాస్త తక్కువగా ఉండాలి, అంతే."